గోరంత తేడాకు కొండంత ఫైలా?

ప్రశ్న: సర్, నాలుగేళ్లుగా మిర్రర్‌లెస్ కెమెరాతో షార్ట్ ఫిల్ములు, అప్పుడప్పుడు ఇంటర్వ్యూలు తీస్తున్నాను. ఎడిటింగ్, గ్రేడింగ్ (రంగులు, కాంట్రాస్ట్ దిద్దే పని) కూడా నేనే డావిన్చీ రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకుంటాను. నా కెమెరాలో 10 బిట్ లాగ్ (గ్రేడింగ్ కోసం కాంట్రాస్ట్ తగ్గించి రికార్డు చేసే పద్ధతి) ఉంది కానీ రా వీడియో (సెన్సర్ పట్టినదాన్ని కెమెరా దిద్దకుండా ఇచ్చేది) లేదు. ఫోటోలు మాత్రం మొదటి నుంచీ రాలోనే తీస్తాను, జేపెగ్ జోలికి పోను. వీడియోలో కూడా రా ఉంటే అంత తేడా కనిపించాలి కదా అనిపిస్తోంది. నాతో పనిచేసే మిత్రుడు ‘రా లేనిదే గ్రేడింగ్ దండగ’ అంటాడు. ఇంకొకాయన ‘అదంతా హార్డ్‌డిస్కులు అమ్ముకునేవాళ్ల గొడవ’ అని కొట్టిపారేస్తాడు. ఉన్న కెమెరా అమ్మేసి రా ఉన్నది కొనాలా? ఇది తేలక రెండు నెలలుగా షూటింగ్ మానేసి, పోలికల వీడియోలు చూస్తూ కూర్చున్నాను.

జవాబు: రెండు నెలలుగా షూటింగ్ మానేశారని చదివి కాసేపు ఆగిపోయాను. అందుకే నాన్చకుండా జవాబు ముందే చెప్పేస్తున్నాను. రా కోసమని కెమెరా మార్చకండి. వేరే కారణాలతో ఎప్పుడైనా మారి, ఆ కొత్త కెమెరాలో రా కూడా ఉంటే సంతోషం, కొన్ని షాట్లకు వాడుకోండి. అన్నిటికీ వద్దు. మీ మిత్రులిద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ మీ సినిమా గురించి మాట్లాడటం లేదు.

మీ అనుమానం ఫోటోల అలవాటు నుంచి వచ్చింది. చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. ఫోటోల్లో మీరు రాను దేనితో పోలుస్తున్నారు? జేపెగ్‌తో. జేపెగ్ 8 బిట్ ఫైలు. అంటే ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. పైగా కెమెరా తన ఇష్టం వచ్చినట్టు కాంట్రాస్ట్ పెంచి, రంగులు దట్టం చేసి, షార్ప్‌నెస్ అద్ది, ఆకాశంలో తెల్లగా ఉన్నచోట వివరాలు చెరిపేసి ఇచ్చిన ఫైలు అది. దాని పక్కన 14 బిట్ రా పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడక ఏం చేస్తుంది?

వీడియోలో రా పోటీ పడేది జేపెగ్ లాంటి ఫైలుతో కాదు, మీ దగ్గరున్న 10 బిట్ లాగ్‌తో. లాగ్ ఫుటేజ్‌ని గ్రేడ్ చేయకుండా చూస్తే బూడిద పూసినట్టు పాలిపోయి ఎందుకు ఉంటుంది? సెన్సర్ పట్టిన వెలుగునంతా, నడినెత్తి ఎండ నుంచి తలుపు వెనక నీడ దాకా, వదలకుండా 10 బిట్లు ఇచ్చే 1024 మెట్లలో సర్దిపెట్టింది కాబట్టి. కాంట్రాస్ట్ నిర్ణయం మీకే వదిలేసింది. ఫోటోల్లో రా మీకు చేసే మేలులో ఎక్కువ భాగం వీడియోలో లాగే చేసిపెడుతోంది. ఆ మిగిలిన కొసరు కోసమే రా.

కొసరంటే తీసిపారేసేదని కాదు. అదేమిటో తెలియాలంటే రా అంటే ఏమిటో ఒక్క నిమిషం చూడాలి. కెమెరా సెన్సర్‌కు రంగులు తెలియవు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో గడి మీద ఒక్కో రంగు ఫిల్టర్ పెడతారు. సగం గడులకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంట్ వచ్చిన అమరిక ఇది. నేటికీ చాలా కెమెరాల్లో ఉన్నది ఇదే. ఎర్ర ఫిల్టర్ ఉన్న గడికి ఎరుపు తప్ప మిగతా రెండు రంగులూ తెలియవు. చుట్టుపక్కల గడుల్ని చూసి వాటిని లెక్కగట్టాలి. ఆ లెక్కనే డీబేయర్ అంటారు. మామూలు వీడియోలో కెమెరాయే డీబేయర్ చేసి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనబడేలా చేసే రంగు సర్దుబాటు) కలిపేసి, నాయిస్ (బొమ్మ మీద చుక్కల్లా కనబడే గరుకు) తుడిచి, అంచులకు పదును పెట్టి, రంగు సమాచారంలో కొంత పారేసి, మిగిలినదాన్ని గట్టిగా కుదించి కార్డు మీద రాస్తుంది. ఇదంతా సెకనుకు 24 సార్లో 30 సార్లో చేస్తూ, చేతిలో వేడెక్కకుండా, బ్యాటరీ అయిపోకుండా చేయాలి. రాలో ఈ పనులు చాలావరకు ఇంటికొచ్చాక మీ కంప్యూటర్ తీరిగ్గా చేస్తుంది.

తెలుగులో ‘రా’ అంటే పిలుపు. ఒకసారి పిలిచామంటే ఈ చాకిరీ అంతా వెంట వచ్చేస్తుంది. సరదాకి అన్నాను గానీ, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

మరి రాకు అంత పేరు ఎలా వచ్చింది? ఊరికే రాలేదు. 2013లో మ్యాజిక్ లాంటర్న్ అనే సాఫ్ట్‌వేర్ రాసే ఔత్సాహికులు క్యానన్ 5డీ మార్క్ 3 కెమెరా నుంచి 14 బిట్ రా వీడియో బయటికి లాగారు. కంపెనీ ఇచ్చిన సౌకర్యం కాదది. అప్పట్లో ఆ కెమెరా మామూలుగా ఇచ్చే వీడియో 8 బిట్‌ది, మెత్తగా, కాస్త మసకేసినట్టు ఉండేది. అదే కెమెరా, అదే లెన్సు, రాలో తీసేసరికి జుట్టు పోగులు, బట్టల నేత విడివిడిగా కనపడ్డాయి. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. దానికి ముందు ఏడాదే బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ తన మొదటి సినిమా కెమెరాలో రా ఇచ్చింది. మీ మిత్రుడు చెప్పే ‘రా లేనిదే దండగ’ అన్న మాట ఆ రోజుల్లో అక్షరాలా నిజం.

కానీ ఆ పందెంలో అవతలివాడు, అంటే మామూలు 8 బిట్ వీడియో, చాలా బలహీనుడు. తర్వాత 2017లో పానసోనిక్ జీహెచ్5 లోపలే 4కే 10 బిట్ 4:2:2 (రంగు సమాచారంలో సగం ఉంచుకునే పద్ధతి) రికార్డు చేయడం మొదలుపెట్టింది. 2020లో సోనీ ఏ7ఎస్ 3 వచ్చేసరికి అది మామూలైపోయింది. రా ఉన్నచోటే ఉంది. అవతలివాడు మాత్రం కసరత్తు చేసి కండలు పెంచాడు. పాత పోలికను పట్టుకుని కొత్త కెమెరా కొంటే చిక్కు ఇక్కడే.

మధ్యలో పేటెంట్ల గొడవ ఒకటి నడిచింది. కెమెరా లోపలే రాను కుదించి రికార్డు చేసే పద్ధతి మీద సినిమా కెమెరాలు చేసే రెడ్ కంపెనీకి పేటెంట్ ఉంది. దాన్ని సవాలు చేసిన యాపిల్ 2019లో ఓడిపోయింది. 2022లో నికాన్ తన జెడ్9లో లోపలే రా ఇస్తే రెడ్ కోర్టుకెళ్లింది. మరుసటి ఏడాది ఆ కేసు ముగిసింది. 2024లో నికాన్ ఏకంగా రెడ్‌నే కొనేసింది! చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో రా కావాలంటే హెచ్‌డీఎంఐ తీగతో బయట ఒక రికార్డర్ తగిలించుకోవాల్సి రావడానికి ఈ గొడవ కూడా ఒక కారణం. ఇప్పుడు లోపలే రా ఇచ్చే కెమెరాలు పెరుగుతున్నాయి, 2025లో ఐఫోన్ 17 ప్రోలోకి కూడా వచ్చేసింది. కాబట్టి మీరు వెంటపడి కొనక్కర్లేదు, మీ తర్వాతి కెమెరాలో అదే ఉండొచ్చు.

సరే, ఆ కొసరు దగ్గరికి వద్దాం. నా అనుభవంలో రా ఇచ్చే అసలు లాభం రంగుల్లో కాదు, చర్మంలో. చాలా కెమెరాలు మామూలు వీడియోలో నాయిస్ తుడిచే పని మనం వద్దన్నా పూర్తిగా మానవు. వెలుగు తగ్గినకొద్దీ గట్టిగా తుడుస్తాయి. ఆ తుడుపులో మొహం మీది సన్నటి గీతలు, గడ్డం కింది నీడ, ఉన్ని బట్ట నూగు కలిసిపోయి మైనం బొమ్మలా అవుతాయి. మళ్లీ దాని మీద షార్ప్‌నెస్ అద్దుతాయి. నుదుటి అంచున సన్నటి తెల్ల గీత కనబడుతుంది చూడండి, అది. రాలో ఈ రెండూ ఉండవు. నాయిస్ సన్నటి ఇసుకలా, సమానంగా ఉంటుంది. దాన్ని ఎంత తుడవాలో, అసలు తుడవాలో లేదో మీరు నిర్ణయిస్తారు. చీకటి గదిలో ఒకే దీపం వెలుగులో తీసిన క్లోజప్‌లో ఈ తేడా నేను గుర్తుపట్టగలను. పగటి వెలుగులో తీసిన మిడ్ షాట్‌లో నన్ను నిలదీస్తే చెప్పలేను.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మొదటిసారి రా ఫైలు తెరిచినవాళ్లలో చాలామంది ‘ఇదేంటి, నా పాత వీడియోనే నయం, ఇంత నాయిస్ ఉందేంటి’ అని కంగారుపడతారు. లెన్సు అంచుల్లో వంపు, మూలల్లో చీకటి కూడా కొన్ని ఫార్మాట్లలో సరిచేయకుండా అలాగే కనబడతాయి. ఇన్నాళ్లూ కెమెరా మనకు తెలియకుండా ఎంత పని చేసిపెడుతోందో అప్పుడు తెలుస్తుంది. ఆ పని ఇప్పుడు మీరు చేయాలి. నాయిస్ తుడిచే మంచి పనిముట్లు రిజాల్వ్‌లో డబ్బులు కట్టి తీసుకునే వెర్షన్‌లోనే ఉన్నాయి, ఎక్స్‌పోర్ట్ సమయాన్ని అవి ఎంత సాగదీస్తాయో ఒకసారి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

తర్వాత అందరూ చెప్పేది వైట్ బ్యాలెన్స్. రాలో అది ఫైలుతో పాటు వచ్చే ఒక చీటీ మాత్రమే, తర్వాత మార్చుకోవచ్చు. నిజమే. కానీ లాగ్‌లో మార్చుకోలేమన్నది అపోహ. లాగ్ మీద ఆఫ్‌సెట్ చక్రం (బొమ్మ మొత్తాన్ని ఒకేలా జరిపేది) తిప్పితే అది గణితపరంగా, అసలు వెలుగును గుణించినదానికి దాదాపు సమానం. లెన్సు ముందు రంగు ఫిల్టర్ పెట్టినట్టే. చాలామంది ముందు లట్ (లాగ్‌ను మామూలు రంగుల్లోకి మార్చే రెడీమేడ్ పట్టిక) వేసేసి, ఆ పైన నీడలు, మధ్య వెలుగు, ప్రకాశం విడివిడిగా దిద్దే లిఫ్ట్, గామా, గెయిన్‌లతో రంగు సరిచేయబోయి, చర్మం పచ్చబడిందనో ఊదా అయిందనో లాగ్‌ను తిడతారు. లట్‌కు ముందు నోడ్‌లో (రిజాల్వ్‌లో ఒక్కో గ్రేడింగ్ దశ) ఆఫ్‌సెట్‌తో సరిచేసి చూడండి. రిజాల్వ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసుకుని, మీ కెమెరా లాగ్ ఏదో సరిగ్గా చెప్పినా చాలు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ వెయ్యి కెల్విన్ల (వెలుగు రంగును కొలిచే కొలమానం) దాకా అటూ ఇటూ అయినా, 10 బిట్ లాగ్‌లో నేను ఇబ్బంది లేకుండా వెనక్కి తెచ్చుకున్నాను. ఇంటి బల్బుకు పెట్టాల్సినది ఎండకు పెట్టేసి తీస్తే మాత్రం రా ముందు లాగ్ తలవంచాల్సిందే. అలాంటి పొరపాటు ఏడాదికి ఎన్నిసార్లు చేస్తారో మీకే తెలియాలి.

ఐఎస్ఓ (బొమ్మ ఎంత వెలుగుగా కనబడాలో చెప్పే సెట్టింగ్) గురించి కూడా ఇలాగే చెబుతారు. కొన్ని కెమెరాల్లో, కొన్ని ఫార్మాట్లలో రాలో తర్వాత మార్చుకోవచ్చు. కానీ సెన్సర్ మీద పడని వెలుగును ఏ చీటీ సృష్టించదు. మాడిపోయిన కిటికీ కూడా అంతే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండిపోయి తెల్లబడితే రా అయినా ఖాళీ కాగితమే. ఒక రంగు నిండి మిగతా రెండూ మిగిలితే, వాటిని ఆధారం చేసుకుని సాఫ్ట్‌వేర్ కొంత ఊహించి నింపగలదు. అది ఊహే. మీరు ఎక్స్‌పోజర్‌ను జీబ్రా (వెలుగు ఎక్కువైనచోట తెర మీద కనబడే చారలు) చూసి పెట్టుకునే అలవాటు చేసుకుంటే, అంతకంటే ఎక్కువ లాభం ఉచితంగా వస్తుంది.

ఇక బిట్ల సంగతి. కొంచెం లెక్కల్లోకి వెళ్తాను, ఓపిక పట్టండి. ఎందుకంటే 12 బిట్ రా అంటే 4096 మెట్లు, 10 బిట్ లాగ్ అంటే 1024 మెట్లు, కాబట్టి రా నాలుగింతలు గొప్పది అనే లెక్క అన్నిచోట్లా చెలామణిలో ఉంది. అది సగమే నిజం.

సెన్సర్ వెలుగును ఉన్నదున్నట్టు, లీనియర్‌గా లెక్కపెడుతుంది. వెలుగు రెట్టింపైతే అంకె రెట్టింపవుతుంది. ఒక స్టాప్ అంటే రెట్టింపే కదా. అప్పుడు 4096 మెట్లలో అన్నిటికంటే పైనున్న ఒక్క స్టాపే సగం, అంటే 2048 మెట్లు, తినేస్తుంది. దాని కింది స్టాప్‌కు 1024. ఆ కిందిదానికి 512. పెద్దకొడుక్కి ఆస్తిలో సగం రాసి, రెండోవాడికి మిగిలినదాంట్లో సగం, మూడోవాడికి అందులో సగం ఇచ్చుకుంటూ పోతే ఆఖరివాడికి చిల్లర కూడా మిగలనట్టు, ఎనిమిదో స్టాప్‌కు వచ్చేసరికి 16 మెట్లు, పదో స్టాప్‌కు నాలుగే మెట్లు దక్కుతాయి. నీడలన్నీ ఉండేది అక్కడే! లాగ్ ఆ ఆస్తిని కొడుకులందరికీ ఇంచుమించు సమానంగా పంచుతుంది. 13 స్టాపులు ఉన్నాయనుకుంటే ఒక్కోదానికి సుమారు 75 మెట్లు. అంటే కాగితం మీద, లోతు నీడల్లో 12 బిట్ లీనియర్ రా కంటే 10 బిట్ లాగ్‌కే ఎక్కువ మెట్లు ఉన్నాయి. యాపిల్ వాళ్ల ప్రోరెస్ రా అనే ఫార్మాట్ ఇలాంటి 12 బిట్ లీనియర్ పద్ధతిదే. బ్లాక్‌మ్యాజిక్ రా మాత్రం 12 బిట్లనే లీనియర్‌గా కాక వంపు తిప్పి దాస్తుంది. కాబట్టి అక్కడ ఈ ఇబ్బంది లేదు.

కాగితం మీద అన్నాను చూడండి, అది గుర్తుంచుకోండి. వీడియో తీసేటప్పుడు చాలా కెమెరాల సెన్సర్లు తామే 12 బిట్లలో వెలుగును చదువుతాయి. అలాంటప్పుడు నీడల్లో లేని సమాచారాన్ని లాగ్ పుట్టించలేదు, ఉన్నదాన్ని పోగొట్టకుండా దాస్తుందంతే. పైగా అంత లోతు నీడల్లో నాయిసే ఒక మెట్టు కంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి మెట్లు విడివిడిగా కనబడవు. చివరికి తేలేదేమిటంటే, బిట్ల సంఖ్య చూసి రాను కొనడం గుర్రం పళ్లు లెక్కపెట్టకుండా తోక పొడవు చూసి కొన్నట్టు. రా గెలిచేచోట గెలుస్తుంది. అది బిట్ల వల్ల కాదు, పైన చెప్పిన తుడుపు, పదును, గట్టి కుదింపు లేకపోవడం వల్ల.

ఇంకో చిన్న సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. మీ కెమెరా సెన్సర్ 6కే అనుకుందాం. లాగ్‌లో 4కే తీస్తే చాలా కెమెరాలు మొత్తం 6కే చదివి, డీబేయర్ చేసి, 4కేకు కుదించి ఇస్తాయి. ఆ బొమ్మ నిండుగా, మెరికలా ఉంటుంది. రాను ఇలా కుదించడం అంత తేలిక కాదు. కుదించాలంటే ముందు డీబేయర్ చేయాలి, చేస్తే అది రా కాదు. అందుకని 4కే రా అడిగితే కెమెరా చాలాసార్లు మధ్య ముక్క కత్తిరించి ఇస్తుంది, అప్పుడు మీ వెడల్పు లెన్సు వెడల్పు కాకుండా పోతుంది. లేదంటే మధ్యమధ్యలో వరుసలు వదిలేసి చదువుతుంది, అప్పుడు ఇటుక గోడల మీద, సన్నగీతల చొక్కాల మీద పురుగులు పాకినట్టు మోరే వస్తుంది. నిఖార్సైన రా కావాలంటే మొత్తం 6కే తీయాలి. కెమెరా కొనేటప్పుడు ‘రా ఉంది’ అన్న ఒక్క ముక్క చూసి ఆగకండి. ఏ సైజులో, సెన్సర్‌లో ఎంత భాగం నుంచి ఇస్తుందో కూడా చదవండి.

మొత్తం 6కే అనగానే ఫైళ్ల మాట వస్తుంది. అంకెలే చెబుతాను. సెకనుకు 140 మెగాబిట్ల 10 బిట్ 4కే లాగ్ అయితే గంటకు 63 జీబీ. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కేలో 8:1 కుదింపుతో రా అయితే, సెకనుకు 30 ఫ్రేముల దగ్గర, గంటకు సుమారు 184 జీబీ. క్యానన్ ఆర్5లో 8కే రా సెకనుకు దాదాపు 2600 మెగాబిట్లు. గంటకు 1170 జీబీ, అంటే ఒక టీబీ దాటిపోతుంది. మీ షార్ట్ ఫిల్ముకు మూడు గంటల ఫుటేజ్ వస్తుందనుకోండి. మొదటిదాంట్లో 189 జీబీ, రెండోదాంట్లో సుమారు 550 జీబీ, మూడోదాంట్లో మూడున్నర టీబీ. ఇది ఒక కాపీకే. ఒకే కాపీ పెట్టుకునేవాడికి ఫుటేజ్ ఉన్నట్టు కాదు, ఇంకా పోలేదంతే. కాబట్టి రెట్టింపు చేయండి.

ఒకసారి నేనూ ఈ మోజులో పడ్డాను. ఒక పెద్దాయన ఇంటర్వ్యూ. మొహం నిండా ముడతలు, పక్క కిటికీ వెలుగు, రాలో తీయకపోతే పాపం అనిపించింది. కార్డులో ముప్పై నిమిషాలు పడుతుందని మనసులో లెక్కేసుకున్నాను. కానీ ముందురోజు పరీక్షగా తీసిన క్లిప్పులు కార్డులోనే ఉండిపోయాయి. ఇరవయ్యో నిమిషం దాటాక ఆయన మాట తడబడింది, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, అప్పటిదాకా చెప్పని ఒక సంగతి మొదలుపెట్టారు. కెమెరా మీద ఎర్ర గుర్తు ఆరిపోయి ఉంది. ‘ఒక్క నిమిషం అండి, కార్డు మార్చాలి’ అన్నాను. మార్చేసరికి ఆయన కళ్లజోడు పెట్టేసుకున్నారు. ‘ఏం లేదులే, వదిలేయండి’ అన్నారు. నా దగ్గర ఆయన ముడతలు 12 బిట్లలో ఉన్నాయి, ఆ మాట లేదు. మీరూ ఇంటర్వ్యూలు తీస్తానన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇంటర్వ్యూలకు రా వాడకండి. మొహం మీద సరిపడా వెలుగు, కదలని కెమెరా, గంటసేపు మాటలు, దీనికి లాగ్ బంగారంలా సరిపోతుంది.

కంప్యూటర్ విషయంలో మాత్రం రాకు ఒక ప్లస్ పాయింటు ఉంది, దాన్ని దాచను. లాగ్ వీడియోను గట్టిగా కుదించి దాచే హెచ్.265 ఫైళ్లు చిన్నవే అయినా విప్పడం కష్టం. పాత కంప్యూటర్లలో టైమ్‌లైన్ మీద అవి ముక్కుతూ మూలుగుతూ నడుస్తాయి. బ్లాక్‌మ్యాజిక్ రా అంతకంటే తేలిగ్గా ఆడుతుంది, ఎందుకంటే డీబేయర్ పనిలో కొంత కెమెరాలోనే అయిపోతుంది. ఉచిత రిజాల్వ్‌లో కూడా తెరుచుకుంటుంది. కానీ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికైన నకలు ఫైళ్లు) చేసుకుంటే లాగ్‌కూ ఈ బాధ ఉండదు, దీనికోసం కెమెరా మార్చనక్కర్లేదు. అలాగే ఏ రా అయినా మీ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. 2018లో వచ్చిన ప్రోరెస్ రాను రిజాల్వ్ 2025 దాకా తెరవలేదు. ఏడేళ్లు! ఆ ఏడేళ్లలో రిజాల్వ్‌నే నమ్ముకుని, ప్రోరెస్ రా రికార్డర్ కొనుక్కున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

ఇంత చెప్పాక మీ మిత్రుడికి కూడా న్యాయం చేయాలి. ఆయన పచ్చతెర ముందు తీసి వెనక వేరే బొమ్మ అతికించే పనులు చేస్తుంటే, రా అడగడం సబబే. జుట్టు అంచుల్లో రంగు సమాచారం కుదింపుకు గురికాకపోతే కోత శుభ్రంగా వస్తుంది. పగటి ఎండలో తీసినదాన్ని రాత్రిగా మార్చేంత మొరటు గ్రేడింగ్ చేసినా, పొగ, వాన, చెట్ల ఆకులు, నీళ్ల మీద తళతళ లాంటి కుదింపుకు లొంగని షాట్లు తీసినా రా నిలబడుతుంది. రెండు మూడు రకాల లైట్లు కలిసిపోయి, ఏ వైట్ బ్యాలెన్సూ కుదరని చోట కూడా. మీ షార్ట్ ఫిల్ములో ఇలాంటి షాట్లు ఎన్ని ఉంటాయి? నాలుగైదు ఉంటే ఎక్కువ. ఆ నాలుగైదు కోసం రా ఉన్న కెమెరా ఒక్కరోజు అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా అడిగితే మీ మిత్రుడే ఇస్తాడు.

చూసేవాళ్ల సంగతి ఒకటుంది. మీ సినిమా చివరికి వెళ్లేది యూట్యూబ్‌కే అయితే, మామూలు వీడియోను అది 8 బిట్ 4:2:0గా (రంగు సమాచారంలో పావు వంతే ఉంచి) కుదించే పంపిస్తుంది. గ్రేడింగ్‌లో దొరికిన వెసులుబాటు వృథా పోదు, మంచి గ్రేడింగ్ 8 బిట్లలో కూడా మంచిగానే కనబడుతుంది. కానీ ఆ ఇసుక లాంటి నాయిస్ అందం, చర్మం నేత, ఇవన్నీ కుదింపులో ముందుగా పోయేవి.

నా మాట కూడా నమ్మక్కర్లేదు, మీరే పరీక్ష పెట్టుకోండి. మీ మిత్రుడి కెమెరాలో రా, లాగ్ రెండూ ఉంటే ఒక పూట తీసుకోండి. అదే లెన్సు, అదే స్టాండ్, అదే వెలుగు. చీకటి గదిలో దీపం పక్కన ఒక మొహం, ఎండలో ఒక చెట్టు, కిటికీ ముందు కూర్చున్న మనిషి. మూడు షాట్లు చాలు, ఒక్కోటి రెండు రకాలుగా. లాగ్‌ను బద్ధకంగా గ్రేడ్ చేసి రాను ప్రేమగా గ్రేడ్ చేయకండి. మనకు తెలియకుండానే అలా చేస్తాం. పోలికల వీడియోల్లో సగం అలాంటివే. రెండిటికీ గడియారం పెట్టుకుని, చెరో అరగంట ఇవ్వండి. యూట్యూబ్‌లోకి ఎక్కించి, పేర్లు తీసేసి, వారం తర్వాత చూడండి. ఏది ఏదో మీరు తడుముకోకుండా చెప్పగలిగితే, చెప్పగలిగిన షాట్లు మీ సినిమాల్లో తరచూ వస్తుంటే, అప్పుడు నా సలహా పక్కన పెట్టి కొనుక్కోండి. నేనేమీ అనుకోను.

ఈలోగా ఉన్న కెమెరాలోనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మెనూలో షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ ఎంత దాకా తగ్గితే అంత దాకా తగ్గించండి. పైన చెప్పిన మైనం బొమ్మ సమస్య దాంతోనే కొంత తగ్గుతుంది. బిట్‌రేట్ ఉన్నవాటిలో పెద్దది పెట్టండి. లాగ్‌ను మీటర్ చెప్పినదానికంటే ఒక స్టాప్ ఎక్కువ వెలుగుతో తీసి, గ్రేడింగ్‌లో కిందికి దించండి, హైలైట్లు పోకుండా జీబ్రా చూసుకుంటూ. నీడల్లో నాయిస్ ఎంత తగ్గుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. కెమెరా మార్చడానికి దాచిన డబ్బుంటే అందులో కొంత పెట్టి ఒక మంచి లైటు, ఒక మైకు కొనండి. ఇది ప్రతివాడూ చెప్పే సలహానే, నాకూ చెప్పాలంటే విసుగ్గా ఉంది, కానీ మీ ఉత్తరంలో లైట్ల మాట, సౌండ్ మాట ఒక్కచోట కూడా లేదు.

ఎప్పుడైనా రా కెమెరా చేతికొస్తే, మొదటి షూటింగ్‌కు ముందురోజు ఒక పని చేయండి. కార్డు ఖాళీ చేసి, రికార్డు నొక్కి, ఆగిపోయేదాకా వదిలేయండి. ఎన్ని నిమిషాలు వచ్చిందో చిన్న టేపు ముక్క మీద రాసి కెమెరా వెనక అతికించండి. తర్వాత ఆ పరీక్ష క్లిప్పును కూడా చెరిపేయండి, మర్చిపోకండి.